కొంగుమూటలో బలపాలు

మా చెల్లెలికి బలపాలంటే ప్రాణమని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేటప్పుడు నవ్వుతారు. ఆ నవ్వులో ఎగతాళి ఉండదు. పోయిన మనిషి గురించి చెప్పుకోవడానికి ఏదో ఒక ముచ్చట ఉండాలి కదా, మావాళ్ళకు ఇది దొరికింది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి లోపలికి పోతాను. చెల్లెలంటే ఈ టీచరమ్మకు ఎంత ప్రేమో, ఇన్నేళ్ళయినా తట్టుకోలేకపోతోంది అనుకుంటారు. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఎవరి మీదో చెప్పమంటే మాత్రం చెప్పలేను.

మాది మార్కాపురం అంచున పలకల పనివాళ్ళ వీధి. బస్సు దిగి మా ఇంటికి నడిచి వచ్చేవాళ్ళకు ముందు కనిపించేవి పగిలిన పలకల గుట్టలు, వాటి మీద బూడిదరంగు దుమ్ము. మా నాయన గనిలో పలకరాయి తీసేవాడు. ఆ దుమ్మే మింగి మింగి, ఆయాసంతో మంచం పట్టి పోయాడు. అమ్మ షెడ్డులో పలకలకు కొయ్య చట్రాలు బిగించేది, బలపాలు పెట్టెల్లో సర్దేది. విరిగిన బలపాలను ఎవరూ కొనరు కాబట్టి సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు గుప్పెడు ముక్కలు కొంగులో ముడి వేసుకుని వచ్చేది. వేరే పిల్లలకు వాళ్ళ అమ్మలు బొరుగులు తెస్తే, మాకు అమ్మ కొంగులో నుంచి బలపాలు రాలేవి. పెద్దదాన్ని, నేను వాటితో రాసీ రాసీ చివరికి టీచరునయ్యాను. చెల్లెలు పదో తరగతి తప్పి అమ్మ వెంట షెడ్డుకు పోయింది.

దానికి వెలిగండ్ల వైపు ఒక పల్లెలో సంబంధం కుదిరింది. మా లాంటి వాళ్ళే, ఆదివారం చర్చికి, మిగతా రోజులు కూలికి. మా మరిది మంచివాడే. మిరపకోతలు, కందికోతలు, ఏ పని ఉంటే ఆ పనికి ఇద్దరూ కలిసి పోయేవాళ్ళు. ఏడాది తిరగకముందే చెల్లెలు నెల తప్పిందని కబురు వచ్చింది. అమ్మ ఆ రోజు షెడ్డులో అందరికీ చక్కెర పంచిందట. అప్పటికి నాకు యర్రగొండపాలెం దగ్గర ఒక పల్లె బడిలో ఉద్యోగం, అక్కడే గది తీసుకుని ఉండేదాన్ని, సెలవు దొరికినప్పుడు మాత్రం ఇంటికి వచ్చేదాన్ని.

మా వైపు మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. అందుకని ఏడో నెలలో గాజులు తొడిగి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. బస్సు దిగి ఇంకా గడప తొక్కలేదు, "అమ్మా, బలపం ఉందా?" అని అడిగింది. అత్తగారింట్లో అడగడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ గోడకు కొట్టిన మట్టిని గోటితో గీరి నాలుక్కి రాసుకునేదట. ఆ మాట విని అమ్మ ఎంత గట్టిగా నవ్విందో వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుని, "అడగబుద్ధి గాలేదంటనే, నా తల్లే, అడగబుద్ధి గాలేదంట" అంటూ కొంగు ముడి విప్పింది.

కడుపుతో ఉన్నామె కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవులు కారతాయని మా దగ్గర గట్టి నమ్మకం. మామిడికాయ కోరితే మామిడికాయ, చింతచిగురు కోరితే చింతచిగురు. దానికి బలపం మీద మనసైంది, బలపాలకు మా వీధిలో కరువా? ఇక చూడాలి ఆ సంబరం. ఎదురింటామె తెల్లవి తెచ్చేది. వెనక వీధిలో ఒకామె పొయ్యి నిప్పుల్లో కాల్చి తెచ్చేది, కాలిస్తే ఇంకా కమ్మగా ఉంటాయని. గరుకువి వద్దు, పళ్ళు అరుగుతాయి, మెత్తవి తినాలి అని ఒకరికొకరు సలహాలు. చెల్లెలు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని కటకటమని కొరుకుతూ ఉంటే, పనిలో నుంచి వచ్చిన ఆడవాళ్ళంతా చుట్టూ చేరి తమ తమ కడుపుల ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు. కొత్త కుండలో నీళ్ళు పోసినప్పటి వాసన బలపంలో ఉంటుందని చెల్లెలు చెప్పేది. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేది. దాని ముఖంలో అంత సుఖం నేను మరెప్పుడూ చూడలేదు.

ఇంకొకటి కూడా చెప్పుకునేవాళ్ళు, కడుపొచ్చాక దీనికి రంగు తేలిందని. మేము చామనఛాయ మనుషులం. ఎండలో పని చేసే చెల్లెలు మరీ నలుపు. అలాంటిది ఆ నెలల్లో దాని ముఖం, అరచేతులు, పెదాలు పాలిపోయి తెల్లగా వచ్చాయి. నవ్వితే చిగుళ్ళు కూడా తెల్లగా కనిపించేవి. "పుట్టబోయేది దొరసాని బిడ్డేమోలే" అని ఆటపట్టించేవాళ్ళు. చెల్లెలు అద్దం తెప్పించుకుని చూసుకుని మురిసిపోయేది. నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది, కూర్చుంటే లేవలేకపోయేది. నిండు మనిషికి ఆయాసం రాకపోతే ఎవరికి వస్తుంది అనేవాళ్ళు పెద్దవాళ్ళు.

పరీక్షకు తీసుకుపోలేదా అంటే, తీసుకుపోయాం. అదే నా కడుపుమంట. ముందు పోయిన ఆసుపత్రిలో, "ఈమె పేరు అత్తగారి ఊళ్ళో రాసుకున్నారు కదా, మా దగ్గర లేదు" అన్నారు. అత్తగారి ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళను చూసే నర్సమ్మకు ఫోన్ చేస్తే, "మీ అమ్మాయి ఊళ్ళో లేదు కదా, నేనేం చేసేది" అంది. మనిషి కాన్పుకు పుట్టింటికి వస్తుందన్న సంగతి ఈ దేశంలో తెలియంది వాళ్ళిద్దరికే కాబోలు. అమ్మ బతిమాలి, గొడవపడి, ఎలాగో లోపలికి తీసుకుపోయేది. అక్కడ కూర్చున్నామె చెల్లెలి కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం తక్కువుందమ్మా. ఆకుకూరలు తిను, దానిమ్మ తిను, ఈ మాత్రలు వేసుకో" అనేది. తర్వాతి మనిషిని పిలిచేది.

అప్పటికే ఎండలు ముదిరాయి. మా దగ్గర వేసవిలో బర్రెకే పచ్చని ఆకు దొరకదు. తాగే నీళ్ళకు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చునేవాళ్ళం. దానిమ్మ పండు మా వీధిలోకి జబ్బు మనిషిని చూడడానికి వచ్చేవాళ్ళ సంచీలో తప్ప రాదు. ఇక మాత్రలంటారా, అవి వేసుకుంటే చెల్లెలికి వాంతులు. దొడ్డికి పోతే నల్లగా వచ్చిందని భయపడి ఏడ్చింది. ఆ మాత్రలతో బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని అత్తగారు ముందే చెప్పి పంపింది. అందుకని చెల్లెలు రోజుకొకటి తీసి పెరట్లో వేపచెట్టు మొదట్లో పూడ్చేది. మళ్ళీ పోయినప్పుడు మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే, అమ్మా చెల్లెలూ ఒక్కసారే తలలూపేవాళ్ళు. వేసుకోలేదంటే తిడతారు. అంతమందిలో తిట్టించుకోవడం కంటే తల ఊపడం తేలిక.

ఆసుపత్రికి బయలుదేరే ముందు అమ్మ ఇంకొక పని చేసేది. గడప దగ్గర చెల్లెల్ని నిలబెట్టి, కొంగు అంచు తడిపి, దాని పెదాల మీద అంటిన బలపం పొడిని తుడిచేది. "చూస్తే నగుతారే, మన్ను తింటాదనుకుంటారు" అనేది. చెల్లెలు చిన్నపిల్లలా మూతి ముందుకు పెట్టేది. ఒక సెలవు రోజు వాళ్ళ వెంట నేనూ పోయాను కాబట్టి ఆ తుడవడం నా కళ్ళతో చూశాను. అప్పుడు నాకు అది వట్టి ముద్దుగా కనిపించింది.

కాన్పు రోజు నేను బడిలో ఉన్నాను. ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చింది, తల్లీబిడ్డా బాగున్నారని. హెడ్మాస్టరుకు చెప్పి సెలవు పెట్టి, పిల్లలందరికీ చాక్లెట్లు పంచి బస్సెక్కాను. బస్సు సగం దారిలో ఉండగా మళ్ళీ ఫోన్. ఈసారి అమ్మ మాట సరిగా రాలేదు. "రక్తం నిలబడలేదంటనే, ఎక్కించాలంట, ఈడ లేదంట, ఒంగోలు తీసకపోతాన్నాం" అని మాత్రం అర్థమైంది. నేను దిగేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది. బిడ్డను ఎదురింటామె ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. నేను ఆ బిడ్డను తీసుకున్నాను. గుప్పెడంత ఉంది. ఒంగోలు ఇక్కడికిక్కడ కాదు, ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకు తెలుసు. పొదిలి దాటామని ఒకసారి ఫోన్ చేశారు. ఆ తర్వాత నేను ఎంత చేసినా ఎవరూ ఎత్తలేదు.

ఎండ తగ్గేవేళకు అదే బండి తిరిగి వచ్చింది. ఎందుకు తిరిగి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు అమ్మ దిగింది. చీర ముందు భాగమంతా తడిసి ఎండి అట్టకట్టింది. చెప్పులు లేవు. నన్ను చూసి, నా చేతిలో బిడ్డను చూసి, ఏమనుకుందో, కొంగు ముడి విప్పి చూపించింది. అందులో మెత్తటి బలపాలు ఉన్నాయి. "కాన్పయినాక అడుగుతాదని తెచ్చినా" అంది.

కాన్పు చేసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచింది. "చాలామందికి ఇంత రక్తం పోతుంది, తట్టుకుంటారు. మీ చెల్లెలి ఒంట్లో పోవడానికి రక్తమే లేదమ్మా" అంది. ఆమె కూడా అలసిపోయి ఉంది, మా మీద కోపంగా కూడా ఉంది. ఇన్ని నెలలూ ఏం చేస్తున్నారని అడిగింది. నేనేం చెప్పేది? ఆకుకూరలు తినమన్నారు, మా ఊళ్ళో లేవు అని చెప్పేదా?

బిడ్డను అమ్మే పెంచింది. మా మరిది కొన్నాళ్ళు వచ్చి పోతూ ఉండేవాడు, తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. తప్పు పట్టను. అమ్మకు ఆ పిల్లే లోకం. నన్ను పెద్దమ్మా అని పిలిచేటప్పుడు దాని నోరు అచ్చం చెల్లెలి నోరులా తెరుచుకునేది. నేను బడి సెలవుల్లో వచ్చి దాన్ని చూసుకుని, గుండె భారంతో పోయేదాన్ని.

మాకు సమాధుల పండగ వస్తుంది. ఆ రోజు ఎవరి వాళ్ళ సమాధులకు వాళ్ళు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మ పూలతో పాటు గుప్పెడు బలపాలు తెచ్చి చెల్లెలి సమాధి మీద తలవైపు పేర్చేది. మొదటి ఏడాది పాస్టరుగారు చూసి, "చనిపోయినవాళ్ళకు తిండి పెట్టడం మన పద్ధతి కాదమ్మా" అన్నారు. "తిండి గాదయ్యగారూ, బలపం" అంది అమ్మ. ఏటేటా అది జరిగిపోయింది. పిల్ల నడక నేర్చాక, పేర్చే పని దానిది.

నాకు అసలు సంగతి తెలిసింది చెల్లెలు పోయిన కొన్నేళ్ళకు. బడిలో ఆడపిల్లలకు వారానికొకసారి రక్తం పట్టే నీలం మాత్ర వేయించే పని మా టీచర్ల నెత్తిన పడింది. ఆ పనికి మాకు ట్రైనింగు పెట్టారు. ఫ్యాను తిరగని హాలులో అందరం కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నాం. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె చెప్పుకుపోతోంది. "మీ క్లాసులో ఏ పిల్లన్నా మట్టి, సుద్ద, బలపం, పచ్చి బియ్యం తింటుంటే కొట్టకండి. అది అల్లరి కాదు, రక్తం లేకపోతే ఒళ్ళు అలా అడుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. వెంటనే రక్తపరీక్షకు పంపండి. అవి తింటూ ఉంటే తిండిలో ఉన్న కాస్త ఇనుము కూడా ఒంటికి పట్టదు" అంది. నా పక్క టీచరు నవ్వి, మా అత్త కూడా తినేదండీ అని ఏదో చెబుతోంది.

అంటే చెల్లెలు చెబుతూనే ఉంది. నెలల తరబడి, వీధి అరుగు మీద కూర్చుని, అందరికీ వినపడేలా కటకటమని కొరుకుతూ చెప్పింది, నాకు రక్తం లేదని. మేమంతా చుట్టూ కూర్చుని చూసి నవ్వాం. ఆ జబ్బునే తెచ్చి, కాల్చి, మెత్తనివి ఏరి దాని చేతిలో పెట్టాం. ఆ ఒక్క గుర్తూ ఆసుపత్రిలో ఎవరి కంట్లోనైనా పడేది, కానీ గడప దగ్గరే అమ్మ కొంగుతో తుడిచేసింది.

అమ్మకు ఆ మాట నేను చెప్పలేదు. చెప్పకూడదనే చెప్పలేదు, అందులో తప్పుందని ఇప్పటికీ అనుకోను. కూతురి మీద ప్రేమతో తాను పెట్టిన పిడికెడు బలపాలే ఆ ముసలిదానికి మిగిలిన తృప్తి. దాన్ని లాక్కుని నేను ఏం చేసుకోవాలి? ఆ కసి అంతా బడిలో తీర్చుకున్నాను. మాత్ర మింగి నోరు తెరిచి చూపించేదాకా ఏ పిల్లనూ కదలనిచ్చేదాన్ని కాదు. నాలుక కింద దాచేవాళ్ళను, కిటికీలో నుంచి విసిరేవాళ్ళను పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. నా వెనక మాత్రల టీచరు అని పేరు పెట్టారు. అననీ అనుకున్నాను.

ఈలోపు పలకలకు కాలం చెల్లింది. బడుల్లో నోటుబుక్కులు వచ్చాయి. అమ్మ పని చేసిన షెడ్డు మూతపడింది, మిగిలిన వాటిలో గచ్చు మీద పరిచే రాళ్ళు కోస్తున్నారు. మొన్నామధ్య మా ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి బలపాలు కావాలని మార్కాపురం బజారులో శెట్టిగారి దుకాణానికి పోయాను. నాయన కాలం నుంచీ తెలిసిన దుకాణం. "బలపాలా? ఇప్పుడు రాసేదానికి ఎవరు కొంటన్నారు టీచరమ్మా, అంతా తినేదానికే. కడుపుతో ఉండేటోళ్ళకు మెత్తనివి వేరే తెప్పిస్తా" అన్నాడు ఆయన, వ్యాపారం బాగుందన్న సంతోషంతో. ఆ తర్వాత డబ్బా కిందికి దించుతూ, "మీ అమ్మ మొన్ననే తీసకపోయినాదే. మళ్ళా అప్పుడే అయిపోయినాయా?" అన్నాడు.

పండగ ఇంకా చాలా దూరం ఉంది. బలపాలు కొనకుండానే ఆటో ఎక్కి ఇంటికి పోయాను.

పిల్ల అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చదువుకుంటోంది. ఏడో తరగతి. ఈమధ్యే పెద్దమనిషి అయింది. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో సగం కొరికిన బలపం. ముఖం పాలిపోయి ఉంది. పక్కనే అమ్మ కూర్చుని దానికి జడ వేస్తోంది. నన్ను చూసి ముఖమంతా వికసించింది. "చూసినావా, పెద్దమనిషయినకాడినుంచి దీనికి బలపాలే గావాలంట. ఎవరూ నేర్పలేదే. అచ్చం తల్లి పోలికే" అంది. ఆ గొంతులో ఉన్న గర్వం, సంతోషం నేను ఇప్పటికీ మర్చిపోలేను. పోయిన కూతురు మళ్ళీ ఇంటికి వచ్చినట్టే ఉంది ఆమెకు.

"బడిలో నీలం మాత్ర ఇస్తారు కదే, వేసుకుంటున్నావా?" అని పిల్లను అడిగాను.

"వేడి చేస్తాదని అవ్వ వద్దంది పెద్దమ్మా" అంది.

ప్రపంచంలో ఉన్న పిల్లల నోళ్ళన్నీ తెరిపించి చూశాను. మా ఇంటి పిల్ల నోరు చూడలేదు.

పిల్లను నీళ్ళ బిందె కోసం పంపి, అమ్మకు చెప్పాను. చెప్పక తప్పలేదు. మెల్లగా చెప్పాలనుకున్నాను గానీ అలాంటివి మెల్లగా చెప్పడానికి మాటలు ఎక్కడున్నాయి? "అది కోరిక గాదమ్మా, జబ్బు. ఒంట్లో రక్తం లేకపోతేనే అట్ల తినబుద్ధవుతాది. చెల్లికీ అదే" అన్నాను.

అమ్మ దువ్వెన పక్కన పెట్టింది. "నీకెవరు చెప్పినారు?" అంది.

"ట్రైనింగులో డాక్టరమ్మ."

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళయింది."

"అయితే నేను సమాధి మీద బలపాలు పెడతా ఉంటే నువ్వు పక్కన నిలబడి చూస్తా ఉన్నావు" అంది. తిట్టినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టు అంది.

ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "మా యమ్మ తినలా? మీరిద్దరూ కడుపులో ఉన్నప్పుడు నేను తినలా? మేం సచ్చినామా? దానికి ఎక్కించేదానికి రక్తం ల్యాక సచ్చిపోయింది నా బిడ్డ. ఆడ లేదు, ఈడ లేదు, ఒంగోలు పోండి అనినారు. ఇప్పుడు నా బలపం మీద పెడతాండావా? నెలనెలా నేను తీసకపోలా? రెప్ప గుంజి చూసినోళ్ళు నోరు తెరిచి చూడలేకపోయినారా? ఏం తింటన్నావమ్మా అని ఒక్కరన్నా అడిగినారా? అడిగుంటే చెప్పకపోదునా?"

ప్రతి మాటా నిజమే. నేను అందుకే ఎవరి మీద కోపమో చెప్పలేనన్నాను. అమ్మ అరిచి అరిచి అలసిపోయి లోపలికి పోయి పడుకుంది. వంట చేయలేదు. పొద్దుగూకేవేళ నేను పొయ్యి వెలిగిస్తుంటే వచ్చి, పొయ్యి పక్కన కూర్చుంది. కొంగు అంచు చేతిలోకి తీసుకుని చూస్తూ, "ఆసుపత్రికి పోయేముందు మూతి తుడిచేదాన్ని" అంది.

నేను మంట సరిచేస్తూ ఉండిపోయాను. కాదమ్మా, దానికేముంది అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే బాగుండేది.

మర్నాడు పిల్లను పరీక్షకు తీసుకుపోయాను. రక్తం చాలా తక్కువని తేలింది. అక్కడ కూర్చున్నామె రెప్ప లాగి చూసి, "ఆకుకూరలు తిను, దానిమ్మ తిను, ఈ మాత్రలు వేసుకో" అంది. ఇన్నేళ్ళలో ఒక్క మాట కూడా మారలేదు. "పిల్ల ఏం తింటోందో అడగండి మేడం" అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. బలపాలు తింటోందని నేనే చెప్పాను. "మానెయ్యమనండి" అని తర్వాతి మనిషిని పిలిచింది. ఆమె వెనక వరండా నిండా మనుషులు. అందులో సగం మంది నిండు కడుపులతో, తెల్లటి పెదాలతో ఉన్నారు. వాళ్ళ వెంట వచ్చిన తల్లులు వాళ్ళ మూతులు ఏ గడప దగ్గర తుడిచి తెచ్చారో నాకేం తెలుసు?

అమ్మ బలపాలు తేవడం మానేసింది. పిల్లకు మాత్రలు తన చేత్తో వేస్తోంది, మింగేదాకా గొంతు పట్టుకుని చూస్తోంది. నాతో మాట్లాడుతుంది గానీ నవ్వడం లేదు. మునుపు సాయంత్రాలు అరుగు మీద కూర్చునేది, ఇప్పుడు అదీ లేదు. ఎదురింటామె వచ్చి పాత ముచ్చట ఎత్తితే లోపలికి లేచిపోతుంది. ఇప్పుడు లోపలికి పోయేవాళ్ళం ఇద్దరమయ్యాం.

ఈ ఏడాది సమాధుల పండగకు నేను ముందురోజే వచ్చాను. సున్నం తెచ్చాను, బంతిపూలు తెచ్చాను. మధ్యాహ్నం బయలుదేరదామంటే అమ్మ మంచం మీద నుంచి లేవలేదు. "నువ్వూ పాపా పోయి రాండి. నేను రాను" అంది.

"ఎందుకమ్మా?"

"ఏ మొగం పెట్టుకోని పోయేది?" అని గోడవైపు తిరిగింది.

ఎంత బతిమాలినా కదల్లేదు. నేనూ పిల్లా పోయాం. సున్నం కొట్టాం, పూలు పెట్టాం, కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే చుట్టూ రాళ్ళు పేర్చాం. ప్రార్థన అయ్యాక పిల్ల తన బడి సంచీలో నుంచి కంపాస్ పెట్టె తీసి మూత తెరిచింది. దాని నిండా బలపాలు. విరిగినవి, సగం కొరికినవి, అరిగిపోయిన చిన్న ముక్కలు.

"ఇవన్నీ ఎక్కడివే?" అన్నాను.

"అవ్వ తినొద్దంది గదా పెద్దమ్మా. అందుకని అన్నీ అమ్మకు దాచిపెట్టినా. అమ్మయితే తినొచ్చు గదా" అంది.

ఒక్కొక్కటే తలవైపు పేర్చింది, వాళ్ళ అవ్వ నేర్పినట్టే, వరస తప్పకుండా. పేర్చడం అయ్యాక, నేను పక్కకు చూస్తున్నాననుకుని, వేళ్ళకంటిన పొడిని గబుక్కున నాకింది. లేచి నిలబడితే దాని కింది పెదవి మీద తెల్లటి చార. తుడుద్దామని కొంగు చేతిలోకి తీసుకున్నాను. అంతవరకూ వచ్చిన చెయ్యి ఆగిపోయింది. పిల్ల మాత్రం అలవాటు కొద్దీ మూతి ముందుకు పెట్టి, తుడుస్తానని నిలబడి ఉంది.